ఫ్లానన్ లైట్‌హౌస్: ఆ సగం తిన్న భోజనం కథ తీసేయండి

స్కాట్లాండ్ పడమటి తీరానికి దూరంగా ఉన్న ఫ్లానన్ దీవుల లైట్‌హౌస్ గురించి మీ వ్యాసంలో చాలా బాగా రాశారు. 1900 డిసెంబర్‌లో ముగ్గురు కాపలాదారులు ఆచూకీ లేకుండా పోయినప్పుడు బల్ల మీద సగం తిన్న భోజనం, పక్కన పడిపోయిన కుర్చీ ఉన్నాయన్న మాట మాత్రం దయచేసి తీసేయండి. అది 1912 నాటి ఒక ఇంగ్లిష్ కవితతో పాకిపోయిన కల్పన. డ్యూటీ మార్చుకోవడానికి వచ్చి డిసెంబర్ 26న మొదట లోపలికి వెళ్లిన కాపలాదారు జోసెఫ్ మూర్ చూసింది వేరు: వంటగిన్నెలు శుభ్రంగా కడిగి ఉన్నాయి, దీపం తుడిచి నూనె నింపి ఉంది. అంటే డ్యూటీ పూర్తిచేసే బయటికి వెళ్లారు.

అసలు సంగతి పడమటి రేవు దగ్గర ఉంది. సముద్రానికి 110 అడుగుల ఎత్తున, బండ సందులో తాళ్లు దాచిన పెట్టె బద్దలైపోయింది. ఇనుప కమ్మీలు వంగిపోయాయి. 200 అడుగుల పైన గడ్డి కూడా లేచిపోయింది! విచారణ చేసిన రాబర్ట్ మ్యూర్‌హెడ్, ఆ పెట్టెను భద్రం చేయడానికి దిగినవాళ్లను పెద్ద అల లాక్కుపోయి ఉంటుందని తేల్చాడు. ఒకరి వానకోటు లోపలే ఉండిపోయింది, ఆ చలిలో అది లేకుండానే పరుగెత్తాడన్నమాట. నన్ను బాగా కదిలించేది అదే.

దయ్యాల కథలు అక్కర్లేదు. 1899లో వెలిగి ఏడాదే అయిన ఆ దీపం కోసం పనిచేస్తూ పోయారు వాళ్లు. జేమ్స్ డుకాట్, థామస్ మార్షల్, డొనాల్డ్ మెకార్థర్ పేర్లు వ్యాసంలో ఎక్కడా లేవు, చేర్చండి.