డప్పు కొడితే ‘ఎవడ్రా!’

బతుకమ్మ దగ్గరపడితే హనుమకొండలో మేడమీది గదులన్నీ స్టూడియోలే. పాట చేయించుకునే పెద్దమనిషి కుర్చీలో కూలబడి అడిగేది ఒక్కటే: "తమ్మీ, అక్క గొంతు వేయిస్తంభాల గుడిల పాడినట్టు రావాలె."

1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. అది మోగే తీరు కావాలంటే ఇంపల్స్ రెస్పాన్స్, అంటే ఒక్క పదునైన చప్పుడుకు ఆ చోటు తిరిగి పలికే మోత, రికార్డు చేసుకురావాలి. ఆర్కియాలజీ వాళ్ల కాపలాలో గాలిబుగ్గ పలగ్గొడితే వచ్చే రెస్పాన్స్ వేరే ఉంటుంది. అందుకని స్టూడియో తమ్ముడూ, డప్పు కొట్టే బామ్మర్దీ కలిసి హంటర్ రోడ్డులో ఖాళీగా ఉన్న ఓ ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నారు. గ్రానైట్ నేల, ఎత్తయిన కప్పు, ఒక్క కుర్చీ లేదు. చప్పట్లు కొడితే మోత మూడు సెకన్లు ఆగదు.

సగం దాకా పద్ధతిగానే నడిచింది. ఫ్యాన్లు ఆపారు. ఫోన్ జోలికి పోలేదు; దానిలో ఆటో గెయిన్ ఉంటుంది, పెద్ద చప్పుడుకు ముడుచుకుని తర్వాత సన్నగిల్లే మోత తోకను తనే పైకి లేపుతుంది. రికార్డర్‌ను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టి, స్టేజీకి 7 మీటర్ల దూరంలో, చెవి ఎత్తులో స్టాండుకు బిగించారు. బుగ్గ పెద్దదే తెచ్చారు, చిన్నదానికి కింది ఫ్రీక్వెన్సీల్లో బలం ఉండదు. మొదటి బుగ్గతో లెవెల్ చూసి, పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరికి దించారు. రెండోది ఠాప్పుమంది. సెకను గడిచిందో లేదో, వెనక గదిలో కునుకు తీస్తున్న వాచ్‌మెన్ తాత లేచి "ఎవడ్రా!" అన్నాడు.

"ఇంకోటి కొడుదాం బావా."

"బుగ్గలు ఒడిసినయిరా. తోకల పడ్డది గద, ఎవలికి ఇనవడ్తది?"

ఆ మోతను పాటకు అతికించే లెక్క పేరు కన్వల్యూషన్. దానికి మొహమాటం తెలియదు. పాటలోని ఒక్కో శాంపిల్‌కూ (సన్నటి ముక్కకూ) ఆ ఫైల్ మొత్తాన్నీ ఒక కాపీ తగిలించి, అన్నిటినీ కలుపుతుంది. హాలేది, తాతేది అని ఏరుకోదు.

బుగ్గ ముందున్న ఖాళీ కోసి, చివర ఫేడ్ ఇచ్చి, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెండ్ ట్రాక్ మీద, కన్వల్యూషన్ చేసే రియావెర్బ్‌కు ఆ ఫైల్ తినిపించారు. వెట్ (మోత) పూర్తిగా, డ్రై (అసలు చప్పుడు) సున్నా. అక్క గొంతు పంపితే, సాగే "ఉయ్యాలో"లో తాత కరిగిపోయి వెనకాల ఏదో మూలుగులా వినిపించాడు. గుడి కళ వచ్చిందని ఇద్దరూ మురిసిపోయారు.

డప్పు పంపేసరికి బండారం బయటపడింది. డప్పు దెబ్బ కూడా దాదాపు ఇంపల్సే. అంత పదునైన చప్పుడుకు ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టు పలుకుతుంది. దెబ్బ పడ్డ సెకనుకు "ఎవడ్రా!" టెంపో 120, అంటే అర సెకనుకో దెబ్బ. మొదటి తాత మాట పూర్తి కాకముందే రెండో తాత, వాళ్లిద్దరి మోత తగ్గకముందే మూడో తాత. నాలుగు బార్లకు పంచాయితీ కూడింది.

"ఎవడ్రా" ముందే కోసేస్తే ఫంక్షన్ హాలు బాత్రూమంత అవుతుంది. ఫ్రీక్వెన్సీలను ఎంచి తగ్గించే ఈక్యూతో తీద్దామంటే తాత అరుపూ హాలు మోతా ఒకే ఫ్రీక్వెన్సీల్లో కూర్చున్నాయి. మళ్లీ పోక తప్పలేదు.

ఈసారి స్వీప్, అంటే కింది స్వరం నుంచి పైకి పాకే ఒకటే కూత. 20 హెర్ట్జ్ నుంచి 20 వేల దాకా, 15 సెకన్లు, పవర్డ్ స్పీకర్‌లో వాయించి, అయ్యాక ఇంకో 5 సెకన్లు ఊపిరి బిగబట్టి, తర్వాత డీకన్వల్యూషన్ చేయాలి, అంటే రికార్డులోంచి స్వీప్‌ను లెక్కతో తీసేసి హాలు మోతను మిగుల్చుకోవాలి. మధ్యలో తలుపు దబ్బుమన్నా ఫైల్‌లో దబ్బుమనదు, పైనుంచి కిందికి జారే కూతగా మారుతుంది. అదీ వద్దనుకుని ముందే చెప్పారు: "తాతా, జర సప్పుడు చేయకు."

తాత మాట మీద నిలబడ్డాడు. స్వీప్ గురగురమని లేచి, ఊళపెడుతూ పైకి పోతుంటే మీటరు కాలిపోతోందనుకుని, పదో సెకనుకు మెయిన్ దించాడు. స్పీకర్ ఆగింది, ల్యాప్‌టాప్, రికార్డర్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉన్నాయి. ఇట్లాంటి లాగ్ స్వీప్ 5 సెకన్లకు పదిరెట్లు ఎక్కుతుంది, కాబట్టి పదో సెకనుకు చేరింది 2,000 హెర్ట్జ్ దగ్గరికే. ఆ పైదంతా ఖాళీ. అదే ఫైల్ వేసి చూస్తే, అక్క వెనక హాలు దుప్పటి కప్పుకుని మోగింది.

బామ్మర్ది పళ్లు నూరుతూ తాత దగ్గరికి పోయాడు.

"నా మీద గరమయితవేంది బిడ్డా," అన్నాడు తాత. "నేనేమన్న సప్పుడు జేసిన్నా?"