కడుపుతో ఉన్నప్పుడు జ్వరం రావడం కూడా తల్లి తప్పేనా?

మొన్న రాత్రి పదకొండింటికి పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, వాడు కడుపులో ఉన్నప్పుడు ఏడో నెలలో నాకు టైఫాయిడ్ వచ్చింది కదా, అందుకేనట్రా వాడికిలా అయింది?" వాడంటే పిన్ని కొడుకు. ఇరవై నాలుగేళ్లు. నాలుగేళ్లుగా స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుకి మందులు వాడుతున్నాడు. పిన్నికి ఈ టెన్షన్ పెట్టింది ఆవిడ ఆడపడుచు ఫ్యామిలీ గ్రూపులో పడేసిన ఫార్వర్డ్. గర్భిణికి జ్వరమొస్తే బిడ్డకి పిచ్చి పడుతుందట. కింద రెండు దణ్ణాల బొమ్మలు.

ఒళ్లు మండింది. పూర్తి అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. అందులో కాస్త నిజం ఉంది, అదీ బాధ.

1957లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో ఫ్లూ ప్రబలింది. అప్పటికి కడుపులో నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఉన్న పిల్లల్లో, పెద్దయ్యాక స్కిజోఫ్రెనియా ఎక్కువ కనిపించిందని 1988లో ఒక అధ్యయనం వచ్చింది. కానీ ఏ తల్లికి నిజంగా ఫ్లూ వచ్చిందో అందులో చూడలేదు. తర్వాత కాలిఫోర్నియాలో, ఎప్పుడో గర్భిణుల దగ్గర తీసి దాచిన రక్తాన్ని పరీక్షించారు. గర్భం మొదటి సగంలో ఫ్లూ సోకితే బిడ్డకి స్కిజోఫ్రెనియా ముప్పు మూడు రెట్లని 2004లో తేల్చారు. ఎలుకల్లో ఇంకా విచిత్రం. అసలు వైరస్సే ఎక్కించకుండా, వైరస్ వచ్చిందని తల్లి ఒంటిని నమ్మించే మందు ఇస్తే చాలు, పిల్లల ప్రవర్తన మారింది. రోగంతో పోరాడేటప్పుడు తల్లి ఒంట్లో పుట్టే ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని అడ్డుకుంటే ఆ మార్పులు చాలావరకు రాలేదు.

మూడు రెట్లనగానే గుండె ఆగుతుంది, నిజమే. ఈ జబ్బు వందలో ఒకరికి వస్తుందనుకుంటే, మూడు రెట్లయితే ముగ్గురికి. మిగతా తొంభై ఏడు మందికి రాదు. ఆ మాట ఫార్వర్డ్‌లో ఉండదు. పైగా హెల్సింకీ లెక్క ఆరో నెల దాకానే, కాలిఫోర్నియా లెక్క సగం నెలల దాకానే, రెండూ ఫ్లూ గురించే. మా పిన్నిది ఏడో నెల, టైఫాయిడ్!

ఇలాగే తల్లి జ్వరానికి ముడిపెట్టే ఇంకోటి ఆటిజం, అంటే చిన్నప్పటి నుంచే మాటలోనూ నలుగురితో కలవడంలోనూ తేడా ఉండటం. దాని విషయంలో స్వీడన్ వాళ్లు 2022లో ఇంకో పని చేశారు. కడుపుతో ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ వస్తే పిల్లల్లో ఆటిజం లెక్క ఎంత పెరిగిందో, గర్భానికి ముందు ఏడాదిలో వచ్చినా దాదాపు అంతే పెరిగింది. ఒకే తల్లి పిల్లలను పోల్చి చూస్తే ఆ తేడా కనిపించకుండా పోయింది. అంటే కారణం జ్వరం కాకపోవచ్చు, ఇంట్లో ముందు నుంచీ ఉన్న ఇంకేదో కావచ్చు.

పెదవి చీలి పుడితే గ్రహణం మొర్రి అన్నాం. గ్రహణం రోజు తల్లి కత్తి పట్టుకుందన్నాం. ఇప్పుడు కత్తి పోయి జ్వరం వచ్చింది, అంతే.

అసలు కోపం ఇక్కడ. ఆ టైఫాయిడ్‌కి పిన్నిని వారం దాకా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదు. కడుపుతో ఉన్నవాళ్లు ఇంగ్లీషు మందులు మింగకూడదని నుదుటిమీద తడిగుడ్డ వేసి కూర్చోబెట్టారు. ఆ ఇంట్లోంచే ఇప్పుడు ఈ ఫార్వర్డ్! గర్భిణికి జ్వరమొస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఫ్లూ టీకా గర్భిణులు వేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మన గ్రూపుల్లో ఆ ముక్క ఒక్కరైనా పెట్టారా?

ఇదంతా పిన్నికి అరగంట చెప్పాను. అంతా విని, "అయితే నేనేం చేయలేదంటావు" అంది. లేదన్నాను. "వాడికి రాత్రి మాత్ర వేశానో లేదో చూసొస్తా ఉండు" అని ఫోన్ పెట్టేసింది.