తోడు వేసిందెవరు?

పెరుగు నిండుకున్న రాత్రి గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లడం మా తిరుపతి వీధుల్లో ఇప్పటికీ ఉంది. "అక్కా, చెంచాడు తోడు ఉంటే పెట్టవా?" పాలు ఎంత చిక్కగా ఉన్నా ఆ చెంచాడు పడందే తోడుకోవు. విశ్వంలో అయస్కాంత క్షేత్రాలు ఎలా పుట్టాయన్న వాదమంతా ఆ చెంచాడు దగ్గరే ఆగింది.

గెలాక్సీలు తిరుగుతూ తమ అయస్కాంత క్షేత్రాన్ని పెంచుకుంటాయి. అదే డైనమో. కానీ సున్నాను ఎన్నిసార్లు పెంచినా సున్నాయే. మరి మొదటి విత్తనం ఎక్కడిది? వేడి ప్లాస్మాలో, అంటే విద్యుదావేశ కణాల వాయువులో, క్షేత్రం దానంతటదే పుట్టగలదని భౌతిక శాస్త్రవేత్త లుడ్విగ్ బియర్మన్ 1950లో చూపించాడు. మంచి లెక్కే. అయినా నా తీర్పు వేరు: గెలాక్సీలు పుట్టకముందే, విశ్వం తొలి క్షణాల్లోనే తోడు పడింది.

సాక్ష్యం గెలాక్సీల మధ్య శూన్యంలోనే ఉంది. బ్లేజర్లంటే భారీ కృష్ణబిలం నుంచి మన వైపుగా కణాల ధారను చిమ్మే గెలాక్సీలు. వాటి నుంచి వచ్చే అత్యధిక శక్తి గామా కిరణాలు దారిలో నక్షత్రకాంతిని ఢీకొని ఎలక్ట్రాన్-పాజిట్రాన్ (దాని ప్రతికణం) జంటలవుతాయి. ఆ జంటలు మళ్లీ తక్కువ శక్తి గామా కిరణాలను పుట్టించాలి, అంతరిక్షంలో ఉన్న ఫెర్మీ గామా కిరణాల టెలిస్కోపు వాటిని చూడాలి. చూడలేదు. జంటలను ఏదో అయస్కాంత క్షేత్రం పక్కకు తిప్పేసిందని 2010లో శాస్త్రవేత్తలు నెరొనోవ్, వోవ్క్ తేల్చారు. దాని బలం గాస్‌లో (అయస్కాంత బలానికి కొలమానం) వంద కోటి కోట్లవ వంతుకు కనీసం మూడు రెట్లు. అంత అల్పమైనదే, కానీ గెలాక్సీలే లేని చోట ఉంది!

జంటల శక్తిని ప్లాస్మా అలజడులే లాగేశాయని, అందుకే ఆ కిరణాలు కనబడలేదని, లేదా గెలాక్సీల గాలులే క్షేత్రాన్ని మోసుకెళ్లాయని కొందరంటారు. మొదటిది ఇంకా తేలని వాదం. రెండోదైతే, వీధి చివర అగరుబత్తి వెలిగిస్తే ఊరంతా వాసన నిండిందనడమే.

నన్ను ఊపేసేది మరొకటి. ఆ తొలి క్షేత్రం పదార్థాన్ని గుంపులు కట్టిస్తే హైడ్రోజన్ పరమాణువులు కాస్త ముందే ఏర్పడతాయని, హబుల్ స్థిరాంకానికి, అంటే విశ్వం వ్యాకోచించే వేగానికి, రెండు రకాల కొలతలు ఇచ్చే 67కూ 73కూ మధ్య ఉన్న తగాదా చల్లబడవచ్చని 2020లో శాస్త్రవేత్తలు యెడామ్‌జిక్, పొగోసియన్ చూపించారు. ఒక్క చెంచాడుతో రెండు చిక్కులు!

ఇంత పెద్ద ప్రశ్న మన పిల్లల చెవిన పడుతోందా? గాదంకిలో రాడార్, ఏర్పేడులో ఐసర్, ఐఐటీ, ఊళ్లోనే ఎస్వీయూ. పలు దేశాలు కలిసి కడుతున్న ఎస్‌కేఏ రేడియో టెలిస్కోపులో భాగస్వామ్యానికి కేంద్రం రూ.1,250 కోట్లు ఒప్పుకుంది. విశ్వ అయస్కాంతత్వం దాని ముఖ్య లక్ష్యాల్లో ఒకటి. ఇంటర్ ఫిజిక్స్ మాత్రం ఈఏపీసెట్ బిట్లకే పరిమితం. డిగ్రీ మూడో ఏడాది ప్రాజెక్టుకు బ్లేజర్ లెక్క ఇవ్వండి. ఫెర్మీ డేటా నెట్‌లో ఉచితంగా ఉంది, ఈ రాత్రే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.