ఇంటికివ్వని గ్రంథాలయం

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్ ప్రాంగణంలో ఓ పిల్లల పుస్తకాల గ్రంథాలయం ఉంది. అక్కడి పుస్తకాన్ని ఏ పిల్లవాడూ ఇంటికి తీసుకుపోలేడు. ఆ మాటకొస్తే పెద్దలకూ ఇవ్వరు. కూర్చుని చూసుకోవాలి, కావలసింది రాసుకోవాలి, పుస్తకాన్ని అక్కడే వదిలి రావాలి. పిల్లల పుస్తకమంటే నలగాలి, అంచులు చిరగాలి, రాత్రికి దిండు కింద చేరాలి అనుకునే మాబోటి వాళ్లకు ఈ కట్టడి మొదట మింగుడుపడదు. కొంచెం నిదానంగా ఆలోచిస్తే, ఆ గ్రంథాలయం బలమంతా అందులోనే ఉందని అర్థమవుతుంది.

దాని పేరు కోఆపరేటివ్ చిల్డ్రన్స్ బుక్ సెంటర్. 1963లో మొదలైంది, విద్యా విభాగం కింద నడుస్తోంది. పసిపిల్లల బొమ్మల పుస్తకాల నుంచి కౌమారుల నవలల దాకా దేశంలో కొత్తగా అచ్చయ్యే వాటిలో చాలా భాగం ప్రచురణకర్తల నుంచి నేరుగా అక్కడికి చేరుతుంది. టీచర్లు, లైబ్రేరియన్లు, బోధన నేర్చుకుంటున్న విద్యార్థులు, పరిశోధకులు వెళ్లి చూసుకుంటారు. బడికి ఏ పుస్తకాలు కొనాలో తేల్చుకుందామని ఊళ్లు దాటి వచ్చిన టీచరుకు ‘సగం పుస్తకాలు బయట ఉన్నాయి, వచ్చే నెల రండి’ అని చెప్పవలసిన పని లేదు.

మామూలు గ్రంథాలయం పని వేరు. అది తన డబ్బును బట్టి, తన పాఠకులు అడిగేదాన్ని బట్టి పుస్తకాలు కొంటుంది. పాతబడినవి తీసేస్తుంది. అలా చేయడం తప్పు కాదు, అలాగే చేయాలి. ప్రచురణకర్తకు తన జాబితా తెలుసు, పక్కవాడి జాబితా కొంత తెలుసు. తల్లిదండ్రులకు దుకాణంలో కంటికెదురుగా పెట్టినవే తెలుసు. ఒక దేశం ఒక ఏడాదిలో తన పిల్లలకు ఏం చెప్పిందో మొత్తంగా చూడగలిగేది వీళ్లలో ఎవరు? ఎవరూ కాదు. ఆ చూపు కోసం ఎవరో ఒకరు పుస్తకాలన్నిటినీ ఒకచోట పోగేసి, ఒక్కొక్కటీ తెరవాలి. అమ్ముడుపోతుందా, పిల్లలు అడుగుతారా అన్న చింత లేకుండా ఆ పని చేయగల చోటు విశ్వవిద్యాలయమే.

1985లో జరిగింది చూడండి. అప్పటి డైరెక్టర్ జిన్నీ మూర్ క్రూస్ ఆ ఏడాది కొరెట్టా స్కాట్ కింగ్ అవార్డు ఎంపిక సంఘంలో సభ్యురాలు. నల్లజాతి రచయితలకు, చిత్రకారులకు ఇచ్చే అవార్డు అది. పరిశీలించవలసిన పుస్తకాలు ఎన్నని చూస్తే, ఆ ఏడాది పిల్లలకూ కౌమారులకూ వచ్చిన దాదాపు 2,500 పుస్తకాల్లో నల్లజాతివారు రాసినవీ, బొమ్మలు వేసినవీ అన్నీ కలిపి పద్దెనిమిది తేలాయి. పిల్లల పుస్తకాల మధ్యే రోజంతా గడిపే ఆ గ్రంథాలయం వాళ్లే ఈ సంఖ్య చూసి నిర్ఘాంతపోయారు. అప్పటి నుంచి ఏటా లెక్క పెడుతున్నారు. 1994 నుంచి ఆసియా, లాటినో, అమెరికా మూలవాసుల పుస్తకాలనూ ఆ లెక్కలో చేర్చారు.

అంతకు ఇరవై ఏళ్ల ముందే నాన్సీ లారిక్ అనే విద్యావేత్త ఇలాంటి లెక్కే ఒకటి తీసింది. న్యూయార్క్‌లోని ఓ పిల్లల బడిలో ఐదేళ్ల నల్లజాతి పాప బొమ్మల పుస్తకం చూస్తూ ‘వీళ్లంతా ఎప్పుడూ తెల్ల పిల్లలే ఎందుకు?’ అని అడిగిన ప్రశ్నతో 1965లో ఆమె వ్యాసం మొదలవుతుంది. ప్రచురణకర్తలకు ప్రశ్నావళి పంపి, 1962-64 మధ్య వచ్చిన 5,206 పుస్తకాల లెక్క తేల్చింది. ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించే పుస్తకాలు 6.7 శాతం. వ్యాసం దుమారం రేపింది. కానీ వ్యాసం ఏటా తనంతట తాను మళ్లీ పుట్టుకురాదు. దాన్ని రాసినవాళ్లకు వేరే పనులుంటాయి, వయసు మీద పడుతుంది. గ్రంథాలయానికి ఆ ఇబ్బంది లేదు.

ఇది కేటలాగు చూసి కూడికలు వేస్తే తేలే లెక్క కాదు. రచయిత ఏ జాతివారో కేటలాగు చెప్పదు. తరగతి గది బొమ్మలో వెనక బెంచీ మీద ఒక్క నల్లని ముఖం ఉంటే ఆ పుస్తకం లెక్కలోకి వస్తుందా? కథంతా తోడుండి, తన కథంటూ లేని స్నేహితుణ్ని ఎక్కడ వేయాలి? నల్లజాతి పిల్లల గురించి తెల్లవారు రాసినదాన్ని ఏ గడిలో పెట్టాలి? ఈ చివరి చిక్కు వల్లనే ‘ఎవరి గురించి’, ‘ఎవరు రాసింది’ అని రెండు లెక్కలు అవసరమయ్యాయి. అంటే పేజీ పేజీ తిప్పి, ఆగి, పక్కవాళ్లతో వాదించుకుని తేల్చుకోవలసిన పని. ఇందులో పొరపాటు జరగదని కాదు. అందరి ముందూ పెట్టిన లెక్క కాబట్టి ఎవరైనా తప్పు పట్టవచ్చు, దిద్దవచ్చు.

2013కు వచ్చిన లెక్క: పరిశీలించిన 3,200 పుస్తకాల్లో నల్లజాతి మనుషుల గురించినవి 93. మరుసటి ఏడాది మార్చిలో రచయిత వాల్టర్ డీన్ మైయర్స్ న్యూయార్క్ టైమ్స్‌లో ఈ సంఖ్యను ముందుపెట్టి ప్రశ్నించాడు. కొన్ని వారాలకే అన్ని రకాల పిల్లలకూ పుస్తకాలు కావాలన్న ప్రచారోద్యమం ఊపందుకుంది. ‘చాలా తక్కువ’ అంటే ప్రచురణ సంస్థలు ఏదో ఒక సమాధానం చెప్పి తప్పుకోవచ్చు. తొంభై మూడు అంటే తప్పుకోవడం అంత తేలిక కాదు.

2018 లెక్క ఇంకాస్త చిత్రంగా ఉంటుంది. పాత్రల్లో తెల్లవారు 50 శాతం. జంతువులూ మనుషులు కాని ఇతర పాత్రలూ 27 శాతం. నల్లజాతివారు 10, ఆసియా-పసిఫిక్ మూలాలవారు 7, లాటినోలు 5, మూలవాసులు 1. ఈ నలుగురినీ కలిపితే 23. కుందేళ్లు, ఎలుగుబంట్లు, మాట్లాడే లారీల కన్నా తక్కువ. కుందేళ్ల మీద మాకేమీ కోపం లేదు, అవీ పిల్లలకు కావలసినవాళ్లే. కానీ కథలో చోటు కోసం మనిషి పిల్ల కుందేలు వెనక నిలబడవలసి వచ్చిన సంగతి లెక్క పెట్టకుండా ఎవరికీ తట్టి ఉండేది కాదు.

సాహిత్యాన్ని జాతుల జాబితాగా మారుస్తున్నారని ఒక అభ్యంతరం ఉంది. కొట్టిపారేయదగ్గది కాదు. మంచి కథ ఎవరు రాసినా మంచి కథే, సంఖ్య పెరిగినంత మాత్రాన రచన మెరుగుపడదు. అయితే ఈ విమర్శ చేసేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు. అదే గ్రంథాలయం 1980 నుంచి ఏటా మేలైన పుస్తకాల ఎంపిక జాబితా వెలువరిస్తోంది. బొమ్మల పుస్తకంలోని మాటకు ప్రత్యేకంగా ఒక అవార్డు 1997లో నెలకొల్పింది. బొమ్మల పుస్తకానికి అమెరికాలో పేరున్న కాల్డెకాట్ పతకం 1938 నుంచీ చిత్రకారులకే దక్కుతుంది, నాలుగు మాటల్లో కథను నిలబెట్టే రచయితను పట్టించుకునేవారు తక్కువ. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే చోటే ఎలా ఉన్నాయో కూడా చదువుతున్నారు. రెండు పనులూ ఒకే బల్ల మీద జరగడం వల్ల ఒకదాని పెడసరాన్ని మరొకటి దిద్దుతుంది.

అక్కడ మరో పనీ సాగుతోంది. ఏ బడిలోనో ఒక పుస్తకం మీద ఫిర్యాదు వస్తుంది, తీసేయమంటారు. అప్పటికి ఆ లైబ్రేరియన్ ఒంటరి. ఫిర్యాదు చేసినవారి చేతిలో ఒక పేజీ నకలు ఉంటుంది, ఆ పేజీకి ముందేముందో వెనకేముందో ఎవరూ అడగరు. విస్కాన్సిన్‌లోని టీచర్లకూ లైబ్రేరియన్లకూ అలాంటి వేళ ఆ పుస్తకం గురించిన సమాచారం, వచ్చిన సమీక్షలు సమకూర్చి ఇచ్చే సేవను ఈ కేంద్రం 1977 నుంచి నడుపుతోంది. సరిగ్గా ఆ కాలంలోనే న్యూయార్క్ రాష్ట్రంలో ఐలండ్ ట్రీస్ వివాదం రగులుతోంది. ఒక సమావేశంలో చేతికొచ్చిన ‘అభ్యంతరకర పుస్తకాల’ జాబితా పట్టుకుని అక్కడి పాఠశాల బోర్డు పుస్తకాలు తీయించింది. స్టీవెన్ పీకో అనే విద్యార్థి, అతని తోటివాళ్లు కోర్టుకెక్కారు. 1982లో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో ఎక్కువమంది విద్యార్థుల వైపు మొగ్గారు, అదీ ఒక్క ఓటు తేడాతో. అందులోని భావాలు నచ్చలేదన్న ఒక్క కారణంతో పుస్తకాలు తొలగించరాదన్న మాట మీద మాత్రం నలుగురే నిలబడ్డారు. గొడవ అక్కడితో తీరలేదు. 2022లో దేశంలోని గ్రంథాలయాల్లో అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాలు 2,571 అని, 2023లో 4,240 అని అమెరికా గ్రంథాలయ సంఘం లెక్క. ఇన్ని వేల పుస్తకాలనూ ఫిర్యాదు చేసినవారు చదివారని నమ్మడం కష్టం. చదివినవాళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా!

అమెరికా విశ్వవిద్యాలయాలకు పిల్లల పుస్తకాలు కొత్త కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి 1949లో ఇర్విన్ కెర్లన్ అనే ప్రభుత్వ వైద్యుడు తన పుస్తకాలు ఇచ్చాడు. రాతప్రతులూ అసలు బొమ్మలూ కూడా ఆ సేకరణలో చేరాయి. సదరన్ మిసిసిపీ విశ్వవిద్యాలయంలో లీనా డి గ్రమండ్ 1960ల్లో రచయితలకు ఉత్తరాలు రాసి రాసి వాళ్ల చిత్తుప్రతులు తెప్పించుకుంది. ఫ్లోరిడాకు రూత్ బాల్డ్విన్ తన సేకరణతో పాటు తానూ తరలివెళ్లింది. మూడు చోట్లా ముందు నడిచింది ఒక మనిషి పిచ్చి ప్రేమ, విశ్వవిద్యాలయం తలుపు తీసింది. మహా గొప్ప సంగతే. అయితే ఇవన్నీ గడిచినదాన్ని కాపాడేవి. 1744లో లండన్‌లో జాన్ న్యూబెరీ అనే ప్రచురణకర్త పిల్లల కోసం వేసిన చిట్టి పుస్తకానికి తొలి ముద్రణ ప్రతి ఒక్కటీ మిగల్లేదు. పిల్లలు చదివి, నమిలి, అరగదీసి ఉంటారు. పుస్తకం బతుకు ధన్యమైంది, చరిత్రకారుడికే నష్టం. ఎవరో ఒకరు ఒక ప్రతిని పిల్లలకు అందకుండా దాచి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

పిల్లల పుస్తకాల గ్రంథాలయం పెట్టాలనుకునే ఏ విశ్వవిద్యాలయానికైనా మా విన్నపం ఒకటే. దాత కోసం, రంగురంగుల ప్రారంభోత్సవం కోసం ఎదురుచూడవద్దు. కొత్త పుస్తకాలు ఏటా రావడానికి ఏర్పాటు చేయండి, వాటిని తెరిచి చదివే ఇద్దరు ముగ్గురికి స్థిరమైన ఉద్యోగాలివ్వండి. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు కత్తెర పడేది ఈ ఉద్యోగాల మీదే. అట్టపెట్టెలు తెరవకపోతే ఆ రోజు ఎవరికీ ఏ ఇబ్బందీ కనిపించదు కాబట్టి. విస్కాన్సిన్ లెక్కలు 1985 నుంచి వరసగా ఉన్నాయి. 1984కు సంఖ్య ఎంతని అడిగితే ఆ వరసలో జవాబు లేదు. ఆ ఏడాదీ పుస్తకాలు వచ్చాయి.