ఎర్త్‌బెండర్లను నేల మీదే బంధించారు, అదీ నా కోపం

"నిడివి చాలలేదు, అంతే. దర్శకుడు మాత్రం ఏం చేస్తాడు?" అని 2010 నాటి 'ద లాస్ట్ ఎయిర్‌బెండర్' సినిమాని ఇప్పటికీ వెనకేసుకొచ్చేవాళ్లు ఉన్నారు. ఇరవై ఎపిసోడ్ల సీజన్‌ని 103 నిమిషాల్లో కుక్కాలంటే ఎవరి వల్లా కాదట. సరే, ఒప్పుకుందాం. నిడివితో ఏ సంబంధమూ లేని ఒక్క సీన్ గురించి మాత్రం నన్ను మాట్లాడనివ్వండి. జైలు సీన్.

సిరీస్ చూడనివాళ్లకి ముందు రెండు ముక్కలు. 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్' 2005 నుంచి 2008 దాకా నికెలోడియన్‌లో వచ్చిన యానిమేషన్ సిరీస్, ఆ సినిమాకి మూలం ఇదే. మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు. నీలం రంగు మనుషుల సినిమాకీ దీనికీ చుట్టరికం లేదు. అది 2009లోనే వచ్చేయడంతో ఈ సినిమా పేరులోంచి 'అవతార్' ఎగిరిపోయింది, అంతవరకే. ఈ లోకంలో కొందరు నీటిని, కొందరు మట్టినీ రాయినీ (వీళ్లే ఎర్త్‌బెండర్లు), కొందరు నిప్పుని (వీళ్లు ఫైర్‌బెండర్లు), కొందరు గాలిని ఒంటి కదలికలతో నడిపిస్తారు. నాలుగూ చేయగలిగేది అవతార్ ఒక్కడే. ఆ అవతార్ పన్నెండేళ్ల ఆంగ్. వందేళ్లు మంచుగడ్డలో ఉండి లేచేసరికి నిప్పువాళ్ల దేశం ఫైర్ నేషన్ ప్రపంచం మీద పడి ఉంటుంది.

ఇక జైలు. సిరీస్‌లో ఫైర్ నేషన్ వాళ్లు ఎర్త్‌బెండర్లను పట్టుకుపోయి నడిసముద్రంలో, మొత్తం లోహంతో కట్టిన కట్టడం మీద పెడతారు. చుట్టూ నీళ్లు, కాళ్ల కింద లోహం, పిడికెడు మట్టి దొరకదు. ఆంగ్‌తో తిరిగే స్నేహితురాలు కటారా కావాలనే పట్టుబడి లోపలికి వెళ్తుంది. అందరి ముందూ నిలబడి, పోరాడండి అంటూ ఆవేశంగా మాట్లాడుతుంది. ఒక్కరూ లేవరు. ఆ ప్రసంగం బెడిసికొట్టడమే నాకు ఆ ఎపిసోడ్‌లో అన్నిటికన్నా నచ్చిన విషయం. తర్వాత ఆంగ్ గాలి గొట్టాల గుండా బొగ్గుని పైకి ఎగదోస్తాడు. బొగ్గు కూడా భూమిలోంచి వచ్చిందే కదా! అయినా ఎవరూ చెయ్యెత్తరు, అంతగా భయపడిపోయి ఉంటారు. జైలు అధికారి వాళ్లని వెక్కిరించి వెనక్కి తిరిగాక, ఒక బొగ్గు ముక్క ఎగిరొచ్చి అతని తలకి తగులుతుంది. అక్కడ మొదలవుతుంది తిరుగుబాటు.

సినిమాలో ఇదే జైలు ఎక్కడుందో తెలుసా? నేల మీద. చుట్టూ మట్టీ రాళ్లూ. "మీ కాళ్ల కిందే భూమి ఉంది" అని ఆంగ్ వచ్చి చెబితే గానీ వాళ్లకి గుర్తు రాదు. చెప్పగానే తిరగబడతారు. ఆ తర్వాత ఆరుగురు మనుషులు కలిసి నేలని తన్ని, చేతులు తిప్పి, నానా హంగామా చేస్తే ఒకే ఒక్క రాయి నింపాదిగా గాల్లో తేలుతూ వెళ్తుంది. మనిషి మామూలుగా విసిరినా అంతకన్నా వేగంగా వెళ్లేది.

జైలుని నేల మీదికి తేవడం వల్ల ఒక్క నిమిషమైనా మిగిలిందా? లేదు. పైగా తర్వాతి కథకి పునాది పోయింది. లోహాన్ని ఎర్త్‌బెండర్లు కదిలించలేరని ఆ జైలు ఎపిసోడ్ మనకి నూరిపోస్తుంది. రెండో సీజన్ చివర్లో టాఫ్ అనే గుడ్డి పిల్లని లోహపు పెట్టెలో బంధిస్తారు. ఆ పిల్ల లోపల్నుంచి గోడని తట్టి తట్టి, ఆ లోహంలో ఇంకా మిగిలి ఉన్న మట్టి రేణువుల్ని పసిగట్టి పెట్టెని చీల్చుకుని బయటికొస్తుంది. అంతకుముందు ఎవరివల్లా కానిది చేసిందని మనకి ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఎందుకు? ఒక జైలునిండా జనం చేతులు ముడుచుక్కూర్చోవడం మనం ముందే చూశాం కాబట్టి.

నిప్పు విషయంలోనూ ఇదే నిర్వాకం. సిరీస్‌లో ఫైర్‌బెండర్ల బలం కండల్లో లేదు, ఊపిరిలో ఉందని, ఆంగ్‌ని వెంటాడే ఫైర్ నేషన్ యువరాజు జూకోకి వాడి పెదనాన్న ఐరో మొదట్లోనే పాఠం చెబుతాడు. అందుకే మూడో సీజన్‌లో జూకో కోపం చల్లారిపోయాక వాడి నిప్పు కూడా చల్లారిపోతుంది, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది. సినిమాలో ఫైర్‌బెండర్లకి పక్కన దివిటీనో మంటో ఉండాలి. లేకపోతే, ఐరో లాంటివాళ్లు తప్ప, ఏమీ చేయలేరు. వందేళ్లుగా ప్రపంచాన్ని గడగడలాడించిన సైన్యాన్ని ఓడించాలంటే నాలుగు బిందెల నీళ్లు చాలన్నమాట.

ఇక్కడే నాకు ఇటు "ఒక్క సీన్ మార్చినా ఊరుకోం" అనేవాళ్లతోనూ, అటు "మార్పులు సహజం, మీకు సినిమా తెలీదు" అనేవాళ్లతోనూ పేచీ. మార్చారా లేదా అన్నది కాదు నా ప్రశ్న. ఆ సీన్ అలా ఎందుకు ఉందో తెలుసుకుని మార్చారా? ఫ్యాంటసీలో ఏది కుదురుతుందో ఎవరైనా చూపిస్తారు, గ్రాఫిక్స్‌కి డబ్బుంటే చాలు. ఏది కుదరదో గట్టిగా కట్టుకొస్తేనే కథకి బిగువు.

2024లో అదే కథని నటులతో తీసిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చాక నిడివి సాకు కూడా లేకుండా పోయింది. ఎనిమిది ఎపిసోడ్లు, ఒక్కోటీ ఇంచుమించు గంట. అసలు మొదటి సీజన్ ఇరవై ఎపిసోడ్లు కలిపినా ఏడున్నర గంటలకు అటూ ఇటూ. అంటే టైమ్ దాదాపు అంతే దొరికింది. వేషాలు అదిరిపోయాయి, అది కాదనను. క్యోషి వారియర్లనే ఆడ యోధుల ముఖాల మీది రంగు దగ్గర్నుంచి అన్నీ శ్రద్ధగా చేశారు. అసలు యానిమేషన్ సృష్టికర్తలు మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కోనియెట్జ్‌కో మాత్రం నెట్‌ఫ్లిక్స్‌తో పొసగక 2020లోనే తప్పుకున్నారు. ఆ లోటు నాకు ఒక్కచోట బాగా కనిపించింది.

మొదటి సీజన్ పన్నెండో ఎపిసోడ్ 'ద స్టార్మ్' గుర్తుందా? తుఫాను రాత్రి, ఇటు గుహలో ఆంగ్ తన గతం కటారాకి చెబుతాడు, అటు ఓడలో ఐరో జూకో గతం సిబ్బందికి చెబుతాడు. ఆంగ్‌ని గురువు గ్యాట్సో నుంచి విడదీసి వేరే ఆలయానికి పంపాలని పెద్దలు తీర్మానిస్తారు. అది చాటుగా విన్న ఆంగ్ పారిపోతాడు. "నిన్ను పంపనివ్వను" అని చెప్పడానికి గ్యాట్సో గదిలోకి వచ్చేసరికి వాడు ఉండడు. ఆ తర్వాత ఆలయం మీద దాడి జరుగుతుంది, అందరూ పోతారు. నేను పారిపోయాను కాబట్టే వాళ్లు పోయారు అన్న బరువు ఆంగ్ సిరీస్ అంతా మోస్తాడు. నెట్‌ఫ్లిక్స్‌లో ఆంగ్ పారిపోడు! మనసు బాగోక, కాస్త తేలికపడదామని తన ఎగిరే జంతువు అప్పా మీద అలా తిరగడానికి వెళ్తాడు, తుఫానులో చిక్కుకుంటాడు. ఇంక వాడి తప్పేముంది పాపం? తప్పు లేనివాడి చేత ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ "నేను అక్కడ ఉండాల్సింది" అనిపిస్తే మనకేం అనిపిస్తుంది? పైగా ఆ దాడిని మొదటి ఎపిసోడ్‌లోనే మంటలతో సహా చూపించేశారు. యానిమేషన్‌లో మూడో ఎపిసోడ్‌లో గ్యాట్సో అస్థిపంజరం, దాని చుట్టూ ఫైర్ నేషన్ సైనికుల అస్థికలు కనిపిస్తాయి. ఆ ముసలాయన ఎంత పోరాడి పోయాడో మనమే ఊహించుకుంటాం. ఇక్కడ ఊహించుకోవడానికి ఏమీ మిగల్చలేదు.

కటారా అన్న సొక్కాది కూడా అంతే. ఆడపిల్లలేం యుద్ధం చేస్తారు అన్న వాడి నోటి దురుసుని తగ్గించేశారు. తగ్గించేసరికి, వాడు క్యోషి వారియర్ల నాయకురాలు సుకీ ముందు మోకరిల్లి, నేర్పించమని అడిగి, ఆ క్యోషి వేషం వేసుకునే సీన్‌కి చోటే లేకుండా పోయింది.

కానీ అదే 'ద స్టార్మ్'లోని రెండో సగాన్ని నెట్‌ఫ్లిక్స్ వాళ్లు అద్భుతంగా మార్చారు. అసలు కథలో జూకో యుద్ధ మంత్రాంగంలో నోరు విప్పుతాడు, కొత్తగా చేరిన 41వ దళాన్ని బలివ్వడం తప్పంటాడు. అందుకే తండ్రి చేతిలో ముఖం కాల్చుకుంటాడు, దేశం వదిలిపోతాడు. ఆ దళం ఏమైందో చెప్పరు. నెట్‌ఫ్లిక్స్‌లో జూకో ఓడలో సిబ్బందే ఆ 41వ దళం. జూకో అంటే విసుగ్గా ఉన్న ఆ మనుషులకి, తామింకా బతికుంది ఈ చిరాకు కుర్రాడి వల్లేనని ఐరో చెబుతాడు. తర్వాత జూకో డెక్ మీదికి వస్తే అందరూ వరసగా నిలబడి సెల్యూట్ చేస్తారు. వాడికి ఎందుకో అర్థం కాదు. యానిమేషన్‌లో ఇది లేదు, అయినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. జూకో ఎందుకు నోరు విప్పాడో బాగా పట్టుకున్న మనిషి రాసిన మార్పు అది.

తిరిగి చెప్పడం మానేసి ముందుకు వెళ్లినవాటికి ఈ బాధ తక్కువ. సిరీస్ చివర్లో జూకో జైల్లో ఉన్న తండ్రిని "మా అమ్మ ఎక్కడ?" అని అడుగుతాడు, జవాబు వినకుండానే సీన్ కట్ అవుతుంది. 2013లో జీన్ లువెన్ యాంగ్ రాసిన 'ద సెర్చ్' కామిక్స్ ఆ ప్రశ్న దగ్గర్నుంచి మొదలవుతాయి. జవాబు కొందరికి నచ్చలేదు. నాక్కూడా అక్కడక్కడ సాగదీసినట్టే అనిపించింది, కానీ జూకో తన చెల్లెలు అజూలాని వెంట తీసుకెళ్లడం మంచి ఎత్తు. 2021లో కిక్‌స్టార్టర్‌లో దాదాపు 95 లక్షల డాలర్లు రాబట్టిన టేబుల్ గేమ్ 'అవతార్ లెజెండ్స్'లో ప్రతి పాత్రా రెండు విలువల మధ్య నలుగుతూ ఆడాలి. ఆట రూల్‌గా మార్చినా, అటా ఇటా అని జూకో పడే గోల పోలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఎఫ్.సి. యీ 2019లో రాసిన 'ద రైజ్ ఆఫ్ క్యోషి' నవల. తెర మీద క్యోషి కాసేపే కనబడే భీకరమైన పాత అవతార్. నవలలో ఆమె దిక్కులేని పనిపిల్ల. గుట్టంత రాతిని లేపగలదు గానీ చిన్న ముక్కని అదుపు చేయలేదు, చేతిలో విసనకర్ర పట్టుకుంటే గానీ ఆ పట్టు రాదు. ఆమె విసనకర్రలు అలంకారమనే అనుకున్నాం ఇన్నాళ్లూ. పైగా తనలో తాను కుమిలిపోవడం, తనని తాను నమ్మకపోవడం పేజీల కొద్దీ చెప్పడం నవలకే వీలవుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు యానిమేషన్ పూర్తి చేయండి, తర్వాత క్యోషి నవల చదవండి. హత్యలూ రక్తపాతం బాగానే ఉంటాయి, చిన్నపిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి. నెట్‌ఫ్లిక్స్‌ది చూస్తానంటే ఆరో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి, ఆ సెల్యూట్ అక్కడే ఉంది.