వేపమండ పెరటి కిటికీకి ఎందుకు చేరింది?

చలి తగ్గి ఎండ ఎక్కే రోజుల్లో ఆటలమ్మ మనకు కొత్త కాదు. దానితో పాటు ఒక పేచీ కూడా ఏటా వస్తుంది. ఇంట్లోనే నలుగురైదుగురు పిల్లల్ని చూసుకునే ఆవిడ ఉంటుంది. ఆ ఇంట్లో ఒకరికి అంటురోగం వచ్చి విడిగా ఉండాల్సి వస్తే మన పిల్లల్ని పంపాలా, మానాలా? నా సమాధానం రెండు ముక్కలు. ఆ రోజు నుంచే మానాలి. ఆ రోజుల డబ్బు మాత్రం పైసా కోయకుండా ఇవ్వాలి. మొదటి మాటకు అందరూ తలూపుతారు, రెండో మాట దగ్గర మొహాలు మారతాయి. కానీ రెండోది లేకుండా మొదటిది జరగదు.

పదేళ్ల కిందట మా పాపను గుంటూరు కొరిటెపాడులో అలాంటి ఒకావిడ దగ్గర దింపేదాన్ని. రెండు గదుల పోర్షను, ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరికి నెలకు రెండు వేలు. పాప ఆవిణ్ణి అమ్మమ్మా అనేది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ముందే వెళ్లాను. వీధి గుమ్మం ఎప్పటిలాగే ఉంది. పాప చెప్పు ఒకటి కనబడక వెతుక్కుంటూ పెరట్లోకి వెళితే, వంటగది పక్క కిటికీ ఊచకు వేపమండ కట్టి ఉంది. లోపల చాప మీద తెల్లపంచె కప్పుకుని ఆవిడ కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు. మొహం నిండా పొక్కులు. "నాలుగు రోజులైందమ్మా. చెబితే అందరూ మానేస్తారని..." అంది తల ఎత్తకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. పాపను ఎత్తుకుని వచ్చేశాను. ఆ నెల పది రోజుల డబ్బు కోసి ఇచ్చాను. రెండు వారాలకు పాపకూ పొక్కులు లేచాయి. ఆవిడ అబద్ధమాడిందని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. ఆ కిటికీ మాత్రం మనసులోంచి పోలేదు.

మా నాయనమ్మ కాలంలో అమ్మవారు పోసిన ఇంటికి వేపమండ వీధి గుమ్మానికి కట్టేవారు. ఇంట్లో తిరగమోత వేసేవారు కాదు, తలకు నీళ్లు పోసేదాకా పరాయివాళ్లు గడప దాటేవారు కాదు. మండ రోగాన్ని తగ్గించదు, నిజమే. కానీ నోరు విప్పకుండా నలుగురికీ కబురు చెప్పేది. చుట్టం దాన్ని చూసి వీధిలోంచే వెనుదిరిగేవాడు, ఇంటివాళ్లు నొచ్చుకునేవారు కాదు. కబురు చెప్పినందుకు ఎవరి పొయ్యీ ఆరేది కాదు. కొరిటెపాడు ఆవిడకు ఆ మండ వీధి గుమ్మానికి కడితే నెలకు పన్నెండు వేలు పోతాయి. అందుకే పెరట్లోకి వెళ్లింది. దాన్ని అక్కడికి నెట్టిన ఆరిళ్లలో మాదీ ఒకటి.

ఈ జబ్బు నడక తెలిస్తే ఆ దాపరికం ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది. పొక్కు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందే ఆటలమ్మ అంటుకోవడం మొదలుపెడుతుంది. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది. సోకినవాళ్లకు బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. అంటే ఆ ముందు రోజులు ఎవరి చేతిలోనూ లేవు. కబురు ఎంత త్వరగా బయటికొస్తుందన్నదొక్కటే మన చేతిలో ఉంది. తట్టుకూ రుబెల్లాకూ ప్రభుత్వం ఉచితంగా టీకా వేస్తుంది, ఆటలమ్మ టీకా మాత్రం జాతీయ టీకాల పట్టికలో లేదు, డబ్బిచ్చి వేయించుకోవాలి. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లుల్లో నెల తప్పినావిడ ఉంటే, ఆమెకు ముందెప్పుడూ ఆటలమ్మ రాకపోతే, ప్రమాదం ఇంకా పెద్దది. "కుర్రాణ్ణి వేరే గదిలో ఉంచితే సరిపోదా" అంటారు. గాలిలో కూడా పాకే జబ్బు ఇది. రెండు గదులకు ఒకే బాత్రూం ఉన్న పోర్షనులో వేరే గది ఎక్కడుంది? కోవిడ్ రోజుల్లో హోం ఐసొలేషన్ అన్న మాటను సొంత బాత్రూం ఉన్న గదులున్నవాళ్లే పూర్తిగా పాటించగలిగారు.

పిల్లను చూడని రోజులకు డబ్బెందుకివ్వాలి, మేమూ సెలవు పెట్టి నష్టపోతున్నాం కదా అని వాదిస్తారు. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిర్చి తొడిమలు తీసి ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే తల్లి ఆ మాట అంటే నేను తల వంచుకుంటాను. ఆమె వాటా ఎవరివ్వాలో చివర చెబుతాను. నెల జీతగాళ్లం మాత్రం ఆ మాట అనకూడదు. దసరా, సంక్రాంతి సెలవులకు స్కూలు ఫీజులో కోత పెట్టమని ఏ రోజైనా అడిగామా?

ఇందులో కొత్త ధర్మమేమీ లేదు. ప్రభుత్వోద్యోగుల పాత సెలవు నిబంధనల్లో క్వారంటైన్ లీవు అని ఒకటి ఉండేది. ఉద్యోగికి ఒంట్లో బాగానే ఉన్నా, ఇంట్లో ఎవరికైనా మశూచి, కలరా, ప్లేగు లాంటివి వస్తే ఆఫీసుకు రావద్దనేవారు. మామూలుగా 21 రోజులు, తప్పనిసరైతే 30 రోజులు. జీతం ఆగేది కాదు, సెలవుల ఖాతాలో ఒక్క రోజూ తగ్గేది కాదు. జీతం కోస్తే గుమాస్తా జబ్బు దాచి ఆఫీసుకొస్తాడని ఆ నిబంధన రాసినవాడికి తెలుసు! గుమాస్తా విషయంలో అంత ముందుచూపు ఉన్న రాజ్యానికి, పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకునే మనిషి విషయంలో ఎందుకు లేకపోయింది?

ఎందుకంటే మన లెక్కలో అది పనే కాదు. ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, ఉన్న కార్మికుడు జబ్బు పడితే ఏడాదికి 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం అందుతుంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట వాళ్ల పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. ఈ రెండింటికీ మధ్య కొరిటెపాడు ఆవిడ ఎక్కడా తగలదు. ఆవిడకు యజమాని లేడు, హాజరు పట్టీ లేదు. అంగన్వాడీ అక్కల గతే చూడండి. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు జీతాల కోసం సమ్మె చేసి రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్లకిచ్చేదాన్ని ఇప్పటికీ వేతనం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆడవాళ్లు పిల్లల్ని పెంచితే ప్రేమ, వంట చేస్తే ధర్మం, అన్నిటికీ గౌరవం దక్కుతుంది, కూలి దక్కదు. ఈ ఊళ్లో వేలమంది ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లగలుగుతున్నారంటే, ఏ చట్టమూ చూడని ఇలాంటి రెండు గదుల పోర్షన్ల భుజాల మీదే.

కాబట్టి నెల జీతగాళ్లు పిల్లను చేర్పించిన రోజే ఒక కాగితం రాసుకోవాలి: మీ ఇంట్లో ఎవరికి అంటురోగం వచ్చినా ఆ పూటే ఫోను చేస్తారు, మూసిన రోజులకు మేం పూర్తి డబ్బు ఇస్తాం, మా ఇంట్లో ఎవరికైనా వస్తే మేమే పిల్లను పంపం. ఈ ఆఖరి ముక్క చాలా ముఖ్యం. పొద్దున్నే పారాసెటమాల్ సిరప్ పట్టించి, ఒళ్లు చల్లబడగానే దింపి వెళ్లే తల్లిదండ్రులు కూడా జబ్బును దాచినట్టే.

ఇక మిర్చి పనికెళ్లే తల్లి వాటా. దాన్ని నగరపాలక సంస్థ భరించాలి. వార్డు సచివాలయంలో ఏఎన్ఎం, అంటే ఇంటింటికీ తిరిగే నర్సమ్మ, ఉంటుంది. పిల్లల్ని చూసుకునే ఇళ్ల పేర్లు ఆమె దగ్గర రాయించుకోవాలి. ఆమె వచ్చి చూసి చీటీ రాస్తే, ఆ ఇల్లు మూసిన రోజులకు కూలీల పిల్లల డబ్బు సచివాలయం నుంచే చేరాలి. ఆ చీటీని పిల్లల్ని చూసుకునే ఆవిడ వీధి గుమ్మానికే అంటించుకోవచ్చు, వేపమండ పక్కన.