క్షమించమని ఎవరికి చెబుతున్నాం?

‘క్షమయా ధరిత్రీ’ అన్న మాట వినని తెలుగువారు అరుదు. భార్యకు ఉండాల్సిన లక్షణాల్లో అదొకటట. భర్త లక్షణాలు చెప్పే శ్లోకమూ ఉంది కానీ, అది అంతగా ఎవరి నోటా వినిపించదు.

కక్ష పెంచుకుంటే ఒంటికే చేటన్న పెద్దల మాటను మనస్తత్వ శాస్త్రం కాదనలేదు. 2001లో అమెరికాలో షార్లెట్ విట్‌వ్లియట్ బృందం, తమను బాధపెట్టినవారిని తలచుకోమని కొందరు విద్యార్థులను కోరింది. పగతో తలచుకున్నప్పుడు వారి గుండె వేగం, రక్తపోటు ఎక్కువగా పెరిగాయి. క్షమిస్తున్నట్టు ఊహించుకున్నప్పుడు ఆ ఉద్రేకం తగ్గింది.

అయితే కాపురం ఒక్క పూట ప్రయోగం కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ మెక్‌నల్టీ కొత్త దంపతులను నాలుగేళ్లపాటు గమనించి 2011లో ప్రచురించిన ఫలితం మింగుడుపడనిది. అంత తేలిగ్గా క్షమించని వారి విషయంలో జీవిత భాగస్వామి దురుసుతనం కాలక్రమంలో తగ్గింది. ఇట్టే క్షమించేవారి విషయంలో మాత్రం అది ఎక్కడిదక్కడే ఉండిపోయింది. తప్పు చేసినవాడితో ఎదుటివారి కోపం, ఎడమొహం కొంత వెల చెల్లింపజేస్తాయి. ఆ వెల లేకపోతే మారాల్సిన అవసరం అతనికి కనిపించదు.

ఇది ద్రౌపదికి ఎప్పుడో తెలుసు. అరణ్యపర్వంలో ధర్మరాజుతో వాదిస్తూ, ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాటలు గుర్తుచేస్తుంది: ఎప్పుడూ కోపమూ మేలు కాదు, ఎప్పుడూ క్షమా మేలు కాదు. అస్తమానం క్షమించేవాణ్ని సేవకులు కూడా లెక్కచేయరు. తెలియక చేసినవాణ్ని, పూర్వం ఉపకారం చేసినవాణ్ని మన్నించాలి. మొదటి తప్పును ఎవరిదైనా ఓర్చుకోవాలి. రెండోసారి చేస్తే అది చిన్నదైనా దండించాలి. ధర్మరాజు ఒప్పుకోడు, క్షమనే వేనోళ్ల పొగుడుతాడు. మన ప్రవచనాలకు ఆయన జవాబే ఎక్కువగా ఎక్కింది. ఆమె ప్రశ్న అడుగున పడిపోయింది.

క్షమాగుణంపై దశాబ్దాలుగా పనిచేసిన రాబర్ట్ ఎన్‌రైట్ ఒక గీత గీశారు. క్షమించడం వేరు, మళ్లీ కలిసి ఉండటం వేరు. మన పెద్దమనుషుల పంచాయితీల్లో ఆ గీత చెరిగిపోతుంది. ‘మనసులో పెట్టుకోకమ్మా’ అని మొదలై, ‘రేపే కాపురానికి బయల్దేరు’ అని ముగుస్తుంది. మొదటిది ఆ భార్య మనసు సంగతి, దానికి ఎవరూ గడువు పెట్టలేరు. రెండోదానికి జవాబు చెప్పాల్సింది భర్త. తాగుడు మానాడా, ఇక చెయ్యి చేసుకోనని నలుగురి ముందు ఒప్పుకున్నాడా అని అక్కడ కూర్చున్నవారిలో ఒక్కరైనా అతన్ని అడగాలి కదా.